యజమాని సంతకం

"రేపు పొద్దున తుక్కు కొనేవాళ్ళొచ్చి పాత కారు పట్టుకుపోతారు. లోపలున్న చెత్తంతా తీసేసి ఒకసారి కడిగి పెట్టు" అన్నారు మా ఆయన, పేపరు మడత పెడుతూ.

నుజ్జు చేసే బండిని కడగడం ఎందుకని నేను అడగలేదు. బకెట్టూ పాతగుడ్డా తీసుకుని బయటికి నడిచాను. అడగకుండా పని చేయడం నాకు ఊపిరి తీసుకోవడంతో సమానం. గోడవార దుప్పటి కప్పుకుని మూడేళ్ళుగా నిలబడి ఉంది అది. దుప్పటి లాగితే దుమ్ము మేఘంలా లేచింది. కింద లేత నీలం రంగు ఇంకా అలాగే ఉంది.

తొంభైలు వెళ్ళిపోతున్న రోజుల్లో వచ్చిందది. చిన్న పెట్రోలు బండి. నాలుగు గేర్లు, చేత్తో తిప్పితే దిగే అద్దాలు, వేలితో కొడితే రేకు డబ్బాలా మోగే తలుపులు. అగ్గిపెట్టెకి చక్రాలు పెట్టినట్టుందని మా ఆడపడుచు నవ్వింది గానీ, అప్పటిదాకా స్కూటరు మీద ముగ్గురం సర్దుకున్న మాకు అది ఓడతో సమానం. ముందు సీటు అత్తయ్యగారిది, మోకాళ్ళ నొప్పులు కాబట్టి. వెనక సీట్లో మామగారు ఒక పక్క, సంచులు ఒక పక్క, మధ్యలో నేను, నా ఒళ్ళో కారెక్కితే వాంతి చేసుకునే మా అమ్మాయి. నీళ్ళ సీసా అందించడం, చిల్లర తీసివ్వడం, వాంతి సంచీ పట్టుకోవడం నా వంతు. కిటికీలోంచి ఏం కనిపించేదో నాకు నిజంగా గుర్తులేదు. ఇంటికొచ్చాక అందరూ అలసిపోయి పడుకుంటే నేను చాపలు దులిపి, సీటు తుడిచి, చక్రాలకంటిన బురద కడిగేదాన్ని. వాళ్ళందరికీ అది కారు. నాకు మాత్రం తోమాల్సిన గిన్నెల్లో అన్నిటికంటే పెద్ద గిన్నె.

ఒక్కసారి అడిగాను, నేను కూడా నేర్చుకోనా అని. ఇంటినిండా చుట్టాలున్న రోజది. "వంటింట్లోంచి హాల్లోకి వస్తూ గడప తన్నుకునే మనిషివి, నీకు స్టీరింగా?" అన్నారాయన. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. వాళ్ళ నవ్వు ఎప్పుడో మరిచిపోయాను గానీ, నా నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

నాకు నడక రాకపోవచ్చు గానీ దారులు మాత్రం బాగా తెలుసు. నేను సర్వే ఆఫీసులో మ్యాపులు గీస్తాను. ముప్పై ఏళ్ళుగా అదే పని. మగవాళ్ళు జీపుల్లో వెళ్ళి కొలతలు తెస్తే, నేను వంగి కూర్చుని వాటిని రోడ్లుగా, కాలువలుగా, కొండలుగా మారుస్తాను. నన్నూ ఒకసారి ఫీల్డుకి పంపమని అడిగితే మా ఆఫీసరు, "జీపులో చోటెక్కడిదమ్మా, పైగా మీరు లేకపోతే ఇక్కడ మీటింగుకి టీలు ఎవరు చూస్తారు?" అన్నాడు మెచ్చుకోలుగానే. వందల మైళ్ళ రోడ్లు ఈ చేత్తో గీశాను. వాటిలో నేను వెళ్ళినవి నా వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

మర్నాడు తుక్కు కొనే ఆయన ఒక కాగితాల సంచీతో వచ్చాడు. సన్నటి మనిషి, కళ్ళజోడు దారంతో మెడకి కట్టుకున్నాడు. బండి చుట్టూ తిరిగి, బానెట్టెత్తి చూసి, రిజిస్ట్రేషన్ కాగితం అడిగి తీసుకున్నాడు. నేను వరండాలో బట్టలు ఆరేస్తున్నాను. మా ఆయన పెన్ను తీసి సంతకానికి సిద్ధమయ్యారు.

"మీరు కాదు సార్. యజమాని సంతకం కావాలి" అన్నాడాయన. కళ్ళజోడు సర్దుకుని ఒక పేరు చదివాడు.

పెళ్ళికి ముందున్న నా ఇంటిపేరుతో సహా, అది నా పేరు.

తడి చేతులతోనే వెళ్ళి ఆ కాగితం చూశాను. పాతబడి పసుపెక్కిన కాగితంలో, యజమాని అన్నచోట అక్షరం తప్పు లేకుండా నేనే ఉన్నాను. మా ఆయన ఇబ్బందిగా నవ్వి చెప్పారు. అప్పట్లో మా ఆఫీసువాళ్ళకి బండి కొంటే ఏదో రాయితీ ఉండేదట, అందుకని ఆఫీసు రికార్డుల్లో ఉన్నట్టే నా పేరు పెట్టించారట, సంతకం పెట్టమంటే నేనే పెట్టానట. పెట్టే ఉంటాను. ఆయన వేలు ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టిన రోజులవి. "పేరుదేముంది, కాగితం మీద మాటే కదా" అన్నారు.

కాగితం మీద మాట. ముప్పై ఏళ్ళు కాగితంతోనే బతికినదాన్ని. కాగితం మీద నేను గీసిన వెంట్రుకవాసి గీత ఏ పొలం ఎవరిదో తేల్చడం, దాన్ని చూపించి అన్నదమ్ములు కోర్టుకెక్కడం, ఇళ్ళ గోడలు కూలడం, రోడ్లు వంపు తిరగడం కళ్ళారా చూసినదాన్ని. కాగితం ఎంత బరువో నాకంటే ఎవరికి తెలుసు? ఇరవై ఏళ్ళకి పైగా నా బండిలో నేను మధ్య సీట్లో కూర్చున్నాను. నా బండి నడపడానికి నేను అనుమతి అడిగాను, వాళ్ళు కాదంటే నవ్వాను. కోపం రావాలి నిజానికి. రాలేదు. మొదటిసారి సముద్రం చూసినప్పుడు ఎలా నిలబడ్డానో, అలా ఆ చిన్న నీలం బండిని చూస్తూ నిలబడ్డాను. ఇంత పెద్ద వస్తువు నాదా! ఇన్నేళ్ళూ నా కళ్ళ ముందే ఉందా!

"ఇవాళ పెట్టను" అన్నాను.

మా ఆయనకి అర్థం కాలేదు. అత్తయ్యగారు కుర్చీలోంచే, తుమ్మితే ఊడే ముక్కులాంటి బండికి ఇంత పట్టుదలేంటని విసుక్కున్నారు. తుక్కు ఆయన మాత్రం కాగితం మడిచి నా చేతికే ఇచ్చాడు. "ఆవిడ బండి, ఆవిడిష్టం సార్" అన్నాడు. సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ మాట ఎంత మామూలుగా అన్నాడో! వర్షం వచ్చేలా ఉందని చెప్పినంత మామూలుగా.

ఆ వారమే మా వీధి చివరి క్లచ్చక్క దగ్గరికి వెళ్ళాను. స్కూలు వ్యాను ఇరవై ఏళ్ళు నడిపి రిటైరైన మనిషి, ఇప్పుడు ఆడవాళ్ళకి డ్రైవింగు నేర్పుతోంది. "క్లచ్చు, క్లచ్చు" అని అరిచి అరిచి ఆ పేరు తెచ్చుకుంది. ఆవిడే మెకానిక్కుని పిలిపించి కొత్త బ్యాటరీ, టైర్లు, పైపులు వేయించింది. పాత పెట్రోలు తీసేసి కొత్తది పోసి తాళం తిప్పితే బండి రెండుసార్లు దగ్గింది. మూడోసారి, మూడేళ్ళ నిద్రలోంచి లేచి గొంతు సవరించుకున్నట్టు మోగింది. లోపల ఎక్కడో ఒక చుక్క పెట్రోలు, ఒక నిప్పురవ్వ. అంతే. దాంతో ఇంత ఇనుము ప్రాణం పోసుకుంది.

పొద్దున్నే వంట మొదలుపెట్టకముందు, మూతబడిన మిల్లు వెనక మైదానంలో నేర్చుకునేదాన్ని. మొదటి వారం బండి కప్పలా గెంతింది, ఆగింది. నేను ప్రతిసారీ క్షమించమనేదాన్ని. "ఎవరికమ్మా చెప్తున్నావు, నాకా, బండికా?" అనేది క్లచ్చక్క. "కాలితో తొక్కకు. అరికాలితో విను. అది ఎక్కడ పట్టుకుంటుందో అదే చెప్తుంది."

తొమ్మిదో రోజు విన్నాను. ఎడమకాలు నెమ్మదిగా వదులుతుంటే ఒకచోట, గోరంత మేర, బండి మొత్తం సన్నగా వణికింది. ఆవు వీపు మీద చెయ్యి వేస్తే వణికినట్టు. ఆ వణుకు అరికాలిలోంచి మోకాలికి, అక్కడి నుంచి వెన్నెముకకి పాకింది. మరో గోరంత వదిలాను. కదిలింది. గెంతలేదు. నీళ్ళ మీద ఆకులా కదిలింది. పదిమంది మగవాళ్ళు ఎత్తితే గానీ లేవనంత బరువు, ఇల్లంతా నిద్రపోతుండగా ఊడ్చి తుడిచి వచ్చిన నా కాలి ఒత్తిడికి లోబడి, నేను ఎటు చూస్తే అటు వెళ్తోంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. క్లచ్చక్క మొహం అటు తిప్పుకుని, "అందరూ ఇక్కడే ఏడుస్తారు. ముందు చూసి ఏడువు" అంది.

ఇంట్లో జోకులు బాగానే పేలాయి. వీధిలో కుక్కలకి బీమా చేయించాలన్నారు మా ఆయన. ఈసారి నేను నవ్వలేదు. నేను నవ్వకపోతే ఆ జోకు అంత పేలవంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆయనకీ తెలిసినట్టు లేదు. రెండోసారి అనలేదు. పరీక్షలో నెగ్గాను, లైసెన్సు వచ్చింది. బండికీ తనిఖీ చేయించి కాగితాలు కొత్తవి తీసుకున్నాను. ప్రతి దరఖాస్తులోనూ యజమాని అన్నచోట నేనే, చదివి, సంతకం పెట్టాను.

మొన్న ఆదివారం భోజనాలయ్యాక, గిన్నెలు సింకులో అలాగే వదిలి, ఒక్కదాన్నే బయలుదేరాను. తలుపు వేసుకున్నాను, అద్దాలెత్తాను. అప్పుడు తట్టింది నాకు, పుట్టి యాభై మూడేళ్ళయినా, నేను లోపలుండి తలుపు వేసుకుంటే ఎవరూ కొట్టని గది ఇదే మొదటిదని. బాత్రూము తలుపు కూడా కొట్టేవారు, తువ్వాలు ఎక్కడుందని. ఇక్కడ ఎవరూ కొట్టలేదు. ఇంజను ఒక్కటే మాట్లాడుతోంది, అదీ నేను తొక్కితేనే.

ఊరు దాటాక ఉత్తరం వైపు రోడ్డు పట్టాను. అది నేను గీసిన రోడ్డు. పన్నెండేళ్ళ కిందట, సన్నపెన్నుతో, రెండు రోజులు మెడ పట్టేసేలా వంగి గీసింది. వంపులన్నీ నాకు కంఠతా వచ్చు. పెద్ద మలుపు తర్వాత దగ్గరదగ్గరగా గోధుమరంగు గీతలు గీసినట్టు గుర్తు. దగ్గరగా గీతలుంటే నిటారైన ఎత్తని అర్థం. మలుపు తిరిగాను. ఎదురుగా కొండ లేచి నిలబడింది. నిజం కొండ. రాళ్ళతో, పొదలతో, దాని మీద నీడలు వేస్తూ పోతున్న మేఘాలతో. గోరంత గీతల్లో నేను ఇన్నేళ్ళూ దాచి పెట్టింది ఇదా! బండి మూలిగింది. రెండో గేరులోకి దించాను. ఆ గీతలు ఒక్కొక్కటీ నా కుడికాలికి బరువుగా తగులుతున్నాయి. లెక్కపెట్టుకుంటూ ఎక్కాను. ఎక్కడా ఒక్క గీత తప్పు గీయలేదు నేను.

పైకెక్కి పక్కకి ఆపాను. కింద లోయంతా పరుచుకుని ఉంది. దానికి అవతల ఇంకో కొండ, దానికీ అవతల ఇంకోటి. మా ఆఫీసు మ్యాపు అక్కడితో అయిపోతుంది. నేల అయిపోలేదు. ఎంతసేపు చూశానో తెలియదు.

ఫోను మోగింది. మా ఆయన. ఎక్కడున్నావన్నారు. ఉత్తరం కొండ మీద అన్నాను. అంత దూరమా, ఒక్కదానివా, పని ఏముందక్కడ అన్నారు. పనేమీ లేదన్నాను. అత్తయ్యగారు టీ అడుగుతున్నారన్నారు. పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి, టీపొడి స్టవ్వు పక్కన నీలం డబ్బాలో ఉంది, ముందు నీళ్ళు మరగనివ్వండి అని చెప్పాను. గొంతులో ఎక్కడా విసుగు లేకుండా, దారి తెలియని మనిషికి దారి చెప్పినట్టే చెప్పాను.

"సరే, ఎప్పుడొస్తావు?" అన్నారు.

ఎదురుగా రోడ్డు కొండ దిగి అవతలి వైపుకి పోతోంది.

"వచ్చాక చెప్తాను" అన్నాను.