పట్టు వదిలిన రాయి

రంగురాళ్ళ బజారులో ఎదురెదురుగా రెండు కొట్లు. ఒకదాని బోర్డు మీద 'ఇక్కడ అన్నీ పచ్చి రాళ్ళే' అని ఉంటుంది. అంటే నిప్పు తగలనివి, భూమిలోంచి ఎలా వచ్చాయో అలాగే సాన పట్టినవి. రెండోదాని బోర్డు మీద 'ఇక్కడ రాళ్ళు కాల్చబడును' అని ఉంటుంది. మసకబారిన నీలాన్ని కొలిమిలో పెట్టి మిలమిలలాడేలా తీయడం ఆ కొట్టాయన పని. అందుకే బజారంతా ఆయన్ని వంటాయన అంటారు. ఇంట్లో ఆయనకు నీళ్ళు కాచుకోవడం కూడా రాదన్నది వేరే సంగతి.

ఎదురు కొట్టావిడ పేరు పట్టుగారు. కాల్చని నీలాన్ని భూతద్దం కింద పెడితే లోపల సన్నని పోగులు అల్లుకుని కనిపిస్తాయి. బజారు భాషలో దాన్ని పట్టు అంటారు. వేడి తగిలితే ఆ పట్టు కరిగి రాయి తేటపడుతుంది. పట్టుంటే పచ్చిది, పోతే వండినది. ఆవిడ పట్టు చూడనిదే రాయి పట్టుకోదు, పట్టుబట్టిందంటే వదలదు. ఆ పేరు పెట్టినవాడెవడో గానీ ఒక్క దెబ్బకు రెండు రాళ్ళు రాల్చాడు.

ఇద్దరికీ ఏళ్ళ తరబడి రోడ్డుకు అడ్డంగా పోట్లాట. భూమి కడుపులో కాలితే సహజమూ, నా కొలిమిలో కాలితే కల్తీనా అని ఈయన. భూమి ఏం చేసినా దాచదు, మీవాళ్ళు కాల్చి కాల్చలేదంటారు అని ఆవిడ. నేను కాల్చినదాన్ని కాల్చాననే చెప్పి అమ్ముతానండీ, నా నోరు కూడా కొలిమంత పెద్దది అని ఈయన. నోటి సంగతి బజారుకంతా తెలుసని ఆవిడ. బజారుకు సెలవొస్తే ఆ పోట్లాట లేక వంటాయనకు పొద్దు గడిచేది కాదు. మనసు ఉడుకుతోందని, అది కొలిమి వేడి కాదని, యాభై దాటిన ఆ బ్రహ్మచారికి కాస్త ఆలస్యంగా అర్థమైంది. ఒకరోజు పోట్లాట మధ్యలోనే, ఇంత గొడవ ఒకే ఇంట్లో పడితే రోడ్డైనా ఖాళీగా ఉంటుంది కదా, నన్ను పెళ్ళి చేసుకోకూడదూ అని అడిగేశాడు.

పట్టుగారు భూతద్దం దించింది. ఆవిడ కూడా పెళ్ళి ఊసు లేకుండా తల్లికి తోడుగా ఉండిపోయిన మనిషే. "మీ కొట్లోంచి నిప్పు తగలని రాయి ఒక్కటి తెచ్చి నా వేలికి పెట్టండి. అప్పుడు చూద్దాం," అంది.

వంటాయన కొట్లో కాలని రాయంటే గడప రాయొక్కటే. అయినా అరలన్నీ వెదికితే, ఎన్నడో కొని మరిచిపోయిన నీలం ఒకటి దొరికింది. మబ్బు పట్టినట్టు ఉంది, లోపల నిండా పట్టు. ఆయన దాన్ని కళ్ళకద్దుకుని, నుదుటి రాత బాగుంటే రాయి అదే దొరుకుతుందనుకున్నాడు. ఉంగరం చేయించి, రాయి మాత్రం తిరిగొచ్చాక దగ్గరుండి పొదిగించుకుందామని, ముడిరాళ్ళ వేలానికి పొరుగూరు బయల్దేరాడు. వెళ్తూ వెళ్తూ, కొలిమి దగ్గర పనిలో సాయపడే అక్కకు చెప్పాడు.

"అక్కా, ఆ నీలం జాగ్రత్త. దాన్ని కాలనివ్వకు."

కొలిమి ఫ్యాను హోరులో చివరి 'కు' కొట్టుకుపోయింది. అక్కకు వినపడింది "కాలనివ్వు" అని. తమ్ముడి పెళ్ళి రాయి కదా అని ఆవిడ ఎవరినీ దగ్గరికి రానీయక, మంట తగ్గకుండా, తొందరపడకుండా, తన చేతులమీదుగా కాల్చింది. చల్లారాక పక్క కంసాలి చేత పొదిగించింది కూడా. తమ్ముడు రాగానే డబ్బా తెరిచి చూపించి, ఇంత బాగా ఎప్పుడైనా వచ్చిందేమో చెప్పు అంది.

నిజమే, ఎప్పుడూ రాలేదు. వాన కడిగిన ఆకాశం లాంటి నీలం. పట్టు లేదు, మబ్బు లేదు, ఆయన మొహంలో రక్తం లేదు.

సంగతి తెలిసి అక్క గుండెలు బాదుకుంది. కాసేపటికి తేరుకుని, ఏమీ చెప్పకుండా పెట్టేయరా, పెళ్ళయ్యాక చూసుకుందాం అని సలహా కూడా ఇచ్చింది. వంటాయన తల అడ్డంగా ఊపాడు. కాల్చినదాన్ని కాల్చలేదని ఇంతవరకూ అనలేదు, మొదటి అబద్ధం ఆవిడకే చెప్పాలా అనుకుని, మనసు రాయి చేసుకుని రోడ్డు దాటాడు.

కొట్లో పట్టుగారు, గల్లా పక్కన వాళ్ళమ్మ. పెద్దావిడ రాళ్ళు రంగుల వారీగా ఏరుతోంది. వంటాయన డబ్బా తెరిచి బల్ల మీద పెట్టి, భూతద్దం అందుకునే వ్యవధి కూడా ఇవ్వకుండా, ఇది కాలిందండీ అన్నాడు. 'కు' కథంతా చెప్పాడు. ఎవరి తప్పూ లేదు, ఒక్క అక్షరం కొంప ముంచింది అన్నాడు.

పట్టుగారు అయినా భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. రాయినా, రాయి తెచ్చిన మనిషినా అన్నది తేలలేదు. వంటాయనే గొంతు సవరించుకున్నాడు.

"మాట నిలబెట్టుకోలేకపోయాను. రాయి ఊడదీయించి, కాల్చిందని చెప్పి ఎవరికైనా అమ్మేస్తానండి."

"అమ్మకు," అంది పట్టుగారు.

వంటాయన ఉలిక్కిపడ్డాడు. ఇన్నేళ్ళ పోట్లాటలో ఆవిడ 'అండీ' లేకుండా మాట్లాడటం అదే మొదలు. 'అమ్మకండి' కాదు, అమ్మకు. ఆ రెండక్షరాలు రాలిన చోట ఆయనకు పందిరి వేసినంత జాగా కనిపించింది.

ఈలోగా పెద్దావిడ చెయ్యి చాచింది. "అమ్మకా? నాకెందుకమ్మా ఈ వయసులో," అంటూనే ఉంగరం తీసి వేలికి తొడిగేసుకుంది.

పట్టుగారు, నీకు కాదమ్మా, అమ్మొద్దని చెప్తున్నానని మొత్తుకుంది. పెద్దావిడ తీయబోయింది, రాలేదు. సబ్బు రాశారు, నూనె రాశారు, వంటాయన లాగాడు, కూతురు లాగింది. కణుపు దగ్గర ఉంగరం కదలనంది.

"పట్టేసిందే," అంది పెద్దావిడ, ఏమాత్రం విచారం లేకుండా.

ముందు నవ్వింది పట్టుగారే. కళ్ళ నీళ్ళు తుడుచుకుని, రాయి పట్టు వదిలి అమ్మ వేలు పట్టుకుంది, ఇక నేనెంతకని పట్టుకు కూర్చోను అంది. తర్వాత వంటాయన వైపు తిరిగింది.

"నాకు ఇంకోటి చూడు. కాల్చినదైనా సరే. ఇలాగే చెప్పి వేలికి పెట్టు."

వంటాయన గడప దాకా పరుగెత్తి, రోడ్డవతలికి గొంతెత్తి, అక్కా కొలిమి వెలిగించు అన్నాడు. అక్క తలుపు దగ్గరకొచ్చి రెండు చేతులూ నడుముకు పెట్టుకుంది.

"సరిగ్గా చెప్పరా. వెలిగించమన్నావా, వెలిగించవద్దన్నావా?"

వంటాయన నోరు తెరిచేలోపు వెనకనుంచి పట్టుగారు అంది, "వెలిగించండి, వదినా."

రోడ్డు మీద బళ్ళ మోత, సానరాళ్ళ గరగర, అన్నీ అలాగే ఉన్నాయి. అక్కకు మాత్రం ఈసారి ఒక్క అక్షరమూ పోలేదు.