కుళాయి దగ్గరి తర్కం

పరీక్ష శిష్యురాలిదైతే అరచేతులకు చెమట పట్టింది గైడు మేడంగారికి. ఆ పిల్ల మాత్రం పరీక్షకుడి ఎదురుగా నిబ్బరంగా కూర్చుంది. రేకుల ఇళ్ల వాడలో పుట్టి తత్వశాస్త్రంలో డాక్టరేటు దాకా నెగ్గుకొచ్చిన ఘటం అది. ఈ పూట వైవా గట్టెక్కితే పట్టా, లేదంటే ఇన్నేళ్ల కష్టం మట్టిపాలు.

థీసిస్‌లో ఆమె వాదం సూటిగానే ఉంది. పరాయి దొరలు వెళ్లిపోయారు గానీ, ఎవరికి ఆలోచన ఉందో ఎవరికి లేదో తేల్చే వాళ్ల కొలబద్ద మన చేతిలోనే ఉండిపోయింది. దాంతో ఇప్పుడు మనం పేదల్ని కొలుస్తున్నాం. రుజువుగా, తన వాడ ఆడవాళ్లు కుళాయి దగ్గర తగవు తీర్చుకునే పద్ధతి మీద ఒక అధ్యాయం రాసింది. "అది తీసెయ్యవే, కొంప ముంచుతుంది" అని మేడం బతిమాలింది. వింటేగా!

అనుకున్నంతా అయింది. పేరు మోసిన ఆ పరీక్షకుడు సరిగ్గా అక్కడే పట్టుకున్నాడు.

"చూడమ్మాయ్, కడుపు నిండనివాళ్లకి కష్టాలుంటాయి, కోపాలుంటాయి. ఆలోచించే తీరికెక్కడిది? నీళ్ల తగాదా తెచ్చి తత్వం అంటే ఎలా?"

"ముందు మీ మాట నేను అప్పజెప్తాను సార్. తప్పయితే ఆపండి. కుళాయి దగ్గర మా రూలు అదే. అవతలి మనిషి 'అవును, నేనన్నది ఇదే' అనేదాకా ఎదురు చెప్పకూడదు."

ఆలోచనకు తీరిక కావాలి, తీరికకు తిండి కావాలి, కాబట్టి తిండి లేనిచోట ఆలోచన పుట్టదు. ఆయన వాదాన్ని ఆయనకంటే అందంగా చెప్పింది. ఎక్కడా వెటకారం లేదు. మేడం భయం మరిచిపోయి ముచ్చటగా చూస్తూ ఉండిపోయింది.

"అవును, నేనన్నది ఇదే" అన్నాడాయన, కాస్త సంబరంగా కూడా.

"ఒళ్లు మండుతున్నప్పుడు ఎదుటివాళ్ల మాట వాళ్లే మెచ్చేలా చెప్పాలంటే ఎంత ఆలోచన కావాలి సార్? మా అమ్మమ్మ రోజూ చేసిన పని అది. తీరిక ఉన్నవాళ్లు మా గురించి బోలెడు పుస్తకాలు రాశారు. ఒక్కరైనా 'మీరన్నది ఇదేనా' అని మమ్మల్ని అడిగారా? ఇప్పుడు మీ వంతు. నేనేమన్నానో చెప్పండి."

'అయిపోయింది' అనుకుంది మేడం. పరీక్షకుడికే పరీక్ష పెడుతోంది!

ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు. "పేదవాళ్లూ తెలివైనవాళ్లే అంటున్నావు."

"కాదు సార్."

"వాళ్ల మీద దయ చూపాలని..."

"అసలే కాదు."

ఆయన ఆ అధ్యాయం మళ్లీ తెరిచి ఒక పేజీ చదివాడు. ఈసారి గొంతు తగ్గింది. "మిమ్మల్ని అడక్కుండానే మీకు ఆలోచన లేదని తేల్చేశాం. అలా తేల్చడాన్నే ఆలోచన అనుకున్నాం."

"అవును సార్. నేనన్నది ఇదే."

మేడం తల దించుకుంది. ఆ అధ్యాయం తీసెయ్యమన్నప్పుడు 'నువ్వన్నది ఇదేనా' అని తానూ అడగలేదు. సిగ్గేసింది, ఆ సిగ్గులోనే శిష్యురాలి మీద పట్టలేనంత గర్వమూ వచ్చింది.

పరీక్షకుడు సంతకం పెట్టాడు గానీ కుర్చీలోంచి లేవలేదు.

"పట్టా నీదే. అలాగని ఒప్పుకున్నాననుకోకు. ఇప్పుడు నా జవాబు చెప్పొచ్చా?"

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. వాళ్ల వాడ మీద జాలిపడ్డవాళ్లున్నారు, విసుక్కున్నవాళ్లున్నారు. సాటి మనిషితో వాదించినట్టు వాదానికి కూర్చున్నవాడు ఈయనే మొదలు.

"చెప్పండి సార్" అంది. "వింటాను."