కూతురి చెవి

సౌము పొయ్యి మీద అమాలా గెలుకుతోంది. ఎండు పెండలం పిండి మరిగే నీళ్ళలో పడ్డాక చెయ్యి ఆగితే ఉండలు కడుతుంది. అందుకని వీధిలో హారన్ వినపడినా వెనక్కి తిరక్కుండానే, "మా ఆయనొచ్చారు" అని యొరుబాలో అంది. అన్నాననుకుంది.

ఎత్తు పీట మీద కూచుని కాళ్ళూపుకుంటున్న ఐదేళ్ళ అబేని, "అమ్మా, మా బండొచ్చింది అన్నావు" అంది.

వసారాలో అత్తగారు పకపకా నవ్వారు. "పోనీలేవే, మీ నాన్న కూడా చప్పుడు చేసుకుంటూనే వస్తాడుగా. ఏం కోడలా, బండిగారికి పెట్రోలు సిద్ధమేనా?"

ఒకో. ఆ మాటని ఎత్తూ దించూ లేకుండా పలికితే మొగుడు. చివర్లో గొంతు లేపితే పార. దించితే బండి. ఇబాదాన్‌లో పాలు తాగే పిల్లలకి కూడా తెలిసిన సంగతి. సౌము కెన్యాలోని మొంబాసా మనిషి. ఆమె స్వాహిలీలో గొంతు లేచినా దిగినా మొగుడు మొగుడే, ఎంత కోపంగా పిలిచినా సరే. ఓడల కంపెనీ పని మీద అక్కడికొచ్చిన అకన్‌బిని చేసుకుని నైజీరియాలోని ఈ ఊరొచ్చి ఎనిమిదేళ్ళయింది. ఓసారి పెళ్ళి విందులో, అరవై మంది ఎదుట, "నా పారకి ఇంకో మాంసం ముక్క వెయ్యండి" అంది. ఆ పెళ్ళికూతురికి ఇద్దరు పిల్లలు పుట్టారు, ఆ మాట మాత్రం ఇంకా ముసలిదవలేదు.

నవ్వితే నవ్వనీ. సౌముకి మండేది అది కాదు. ఆ మూడు మాటలకీ తేడా ఆమె చెవికి నిజంగా వినపడదు. సాయంత్రాలు అత్తగారు పిల్లని ఒళ్ళో కూచోబెట్టుకుని కథలు చెబుతారు, పొడుపులు విప్పమంటారు. ఎక్కడో ఒక మాట ఎత్తు ఇంత జారి ఇంకో మాటవుతుంది, అబేని కిలకిలమంటుంది, అత్తగారు తొడ చరుచుకుంటారు, అకన్‌బి పేపరు వెనక భుజాలు కదుపుతాడు. సౌము వాళ్ళ మొహాలు చూసి, ఓ క్షణం ఆలస్యంగా నవ్వుతుంది. తన కడుపులో తొమ్మిది నెలలున్న పిల్ల, తను ఎనిమిదేళ్ళుగా గుమ్మం బయట నిలబడ్డ ఇంట్లోకి చెప్పులు విప్పేసి దర్జాగా నడిచి వెళ్ళిపోయింది. కన్నకూతురి చెవి మీద కుళ్ళుకునే తల్లి లోకంలో ఎక్కడైనా ఉంటుందా అని సౌము అప్పుడప్పుడూ అనుకుంటుంది. ఉంది. అమాలా గెలుకుతోంది.

అబేని నెలల పిల్లగా ఉన్నప్పుడు సౌము తన భాషలో జోకొడుతుంటే అత్తగారు అన్నారు: "చిన్న చెవమ్మా అది. రెండు రకాల నీళ్ళు పోస్తే పొర్లిపోతుంది." అకన్‌బి మెత్తగా అన్నాడు: "ముందు ఒకటి కుదురుకోనీ. నీది తర్వాత చూద్దాం." ఇంగ్లీషు ఆ లెక్కలోకి రాలేదు. అది కరెంటులాంటిది, అందరికీ కావాలి, వచ్చినప్పుడు వస్తుంది. తర్వాత అన్నది మాత్రం రాలేదు. మొన్న శుక్రవారం మొంబాసా నుంచి అక్క ఫోన్ చేసి, స్వాహిలీలో పిల్లని ముద్దులాడుతుంటే, అబేని రెండు క్షణాలు విని ఫోను వెనక్కిచ్చేసింది. "అమ్మా, ఇందులో ఎవరో చప్పుడు చేస్తున్నారు."

ఆ మాట చెవిలో పెట్టుకునే సౌము ఇవాళ పొద్దున పనికెళ్ళింది. పిల్లల వినికిడి పరీక్షలు చేసే ఆసుపత్రిలో ఆమె ఫైళ్ళు రాసే గుమాస్తా. పిల్లల్ని నిద్రపుచ్చడం ఆమె పని కాదు. కానీ తలకి తీగలంటించి చేసే పరీక్షకి పిల్ల నిద్రపోవాలి. చేరిన మొదటి వారమే టెక్నీషియన్, "మీరు తల్లి కదండీ, మీకు వచ్చు" అని ఓ పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టేశాడు. అతనికి ముగ్గురు పిల్లలు. ఏం చేస్తాడు, అతను తండ్రి మాత్రమే.

ఇవాళ వచ్చింది పది నెలల పాప. గుక్కపట్టి ఏడుస్తోంది. వాళ్ళమ్మ అలిసిపోయి గోడకి జారగిలబడింది. సౌము పాపని భుజానేసుకుని, "లాలా మ్వనంగు, లాలా" అంది. నిద్రపో నా బిడ్డా, నిద్రపో. ఆ చీకటి గదిలో ఆమె భాషని ఎవరూ వద్దనరు. పాప నిద్రపోయింది. తీగలంటించాక తెర మీద అలలు లేచాయి.

డాక్టర్ ఎబున్ పాత పరీక్ష కాగితం పక్కన పెట్టి తల్లికి చూపించింది. "చూశావా, నెలల పిల్లప్పటి కంటే అలలు ఇప్పుడు తొందరగా వస్తున్నాయి. చెవి పుట్టుకతోనే తయారమ్మా. చెవి నుంచి మెదడుకి పోయే దారే తయారుగా ఉండదు. మాటలు నడిచీ నడిచీ అది గట్టిపడుతుంది. వంట చేస్తూ మాట్లాడు, బట్టలుతుకుతూ మాట్లాడు."

"ఎన్నేళ్ళ దాకా డాక్టరుగారూ?" అడిగింది సౌము.

"పన్నెండు, పదమూడేళ్ళు దాటినా ఆ పని సాగుతూనే ఉంటుంది. కానీ కొత్త భాషని చెవి తనదిగా పట్టుకోవాలంటే ఏడేళ్ళ లోపైతే సుఖం. ఆ తర్వాత తలుపేం మూసుకోదు, గడ్డి మొలుస్తుందంతే."

"మరి నా చెవి?"

"మీరు ఇరవయ్యారేళ్ళకి వచ్చారు. అప్పటికి గడ్డి నడుం దాకా ఉంటుంది," నవ్వింది డాక్టర్. "మీ తప్పేం లేదు."

సౌము ఒళ్ళో పాపని చూసింది. ఎవరి పిల్లో. ఈ గదిలో ఎంతమంది పిల్లలు తన భాష వింటూ కళ్ళు మూశారో లెక్కలేదు. వాళ్ళందరి మీదా ఒక్కసారి కడుపు మండింది. ఊరి పిల్లలందరికీ పెట్టి, ఇంటి పిల్లకి పెట్టనిది ఇదొక్కటే.

ఇప్పుడు, అత్తగారి పెట్రోలు నవ్వు ఇంకా పూర్తిగా ఆగకముందే, తెడ్డు ఆపకుండా సౌము అంది: "న్‌జో, మ్వనంగు."

అబేని కాళ్ళూపడం మానేసింది. "అదేం చప్పుడమ్మా?"

"చప్పుడు కాదే. మాట. నీ అంతప్పుడు నేను మాట్లాడిన మాట. రా నా బిడ్డా అన్నాను."

"మళ్ళీ మొదలెట్టావూ?" వసారాలోంచి అత్తగారు. "పిల్ల చెవి పాడైపోతుంది!"

అకన్‌బి గుమ్మంలో చెప్పులు విప్పుతూ, "అబేని అమ్మా, తర్వాత చూద్దామనుకున్నాంగా?" అన్నాడు.

"ఆ తర్వాత ఇదేనండీ, అబేని నాన్నా" అంది సౌము. పిల్ల వైపు వంగి గొంతు తగ్గించింది. "చూడు, ఒకో అంటే నాకు పారలూ బండ్లూ వస్తున్నాయి. మా ఊళ్ళో ఆ తిప్పలు లేవు. ముమె. మొగుడంటే ముమె."

అబేని కళ్ళు మెరిశాయి. కొత్త బొమ్మ దొరికినట్టు పరుగెత్తి తండ్రి ముందు, ఈ ఊరి ఆడపిల్లలు పెద్దలకి దణ్ణం పెట్టే పద్ధతిలో మోకాళ్ళ మీద కూచుని, ఇల్లదిరేలా అరిచింది: "ముము! అమ్మ ముము వచ్చాడు!"

ముము అంటే ఈ ఊళ్ళో ఏ వీధిలో ఎవర్నడిగినా చెబుతారు. శుద్ధ మొద్దు అని.

అత్తగారి చెయ్యి నోటి మీదికి పోయింది. అకన్‌బి తల్లి మొహం చూశాడు, కూతురి మొహం చూశాడు, అసలు మాటేమిటో తెలియక చివరికి పెళ్ళాం మొహం చూశాడు.

సౌము నవ్వింది. ఈ ఇంట్లో మొదటిసారి, అందరికంటే ముందు.

దిద్దాలి. చివర కొంచెం మార్చాలంతే, ముమె అని. పళ్ళాల్లో అమాలా ముద్దలు పెడుతూ, రేపు దిద్దుదాంలే అనుకుంది. ఏడేళ్ళు నిండడానికి ఇంకా టైముంది.