గోనెగుడ్డ మీద రెండు రాజ్యాలు

పొద్దున్న ఆరు గంటల మిల్లు కూత ఆగకముందే కృపారావు మగ్గం పక్కనున్న రేకుపెట్టె తాళం తీసి వంగి చూశాడు. పెట్టె అడుగున పరిచిన గోనెగుడ్డ మీద నీలిరంగుతో గీసిన ఏరు, కొండలు, సముద్రం. కొండల వైపు చింతపిక్కలు తనవి. సముద్రం వైపు గవ్వలు కూర్మయ్యవి. గవ్వలు నిన్న మధ్యాహ్నం తను వదిలిన చోటే ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు.

ఆరేళ్లలో ఇలా ఎన్నడూ జరగలేదు.

కృపారావుకి యాభై నాలుగేళ్లు. సన్నటి ఒళ్లు, కనుబొమ్మల మీద ఎప్పుడూ జనపనార నూగు. ముప్పై ఏళ్ల మిల్లు మోతకి ఎడమ చెవి సగం పోయింది. నెల్లిమర్లలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లకన్నా ‘మూడో వరస మగ్గమోడు’ అనేవాళ్లే ఎక్కువ. సూపర్‌వైజరు గాని, యూనియను గాని, చర్చి కమిటీ గాని ఏనాడూ ‘నువ్వేమంటావు?’ అని అడిగిన పాపాన పోలేదు. అడిగినవాడు కూర్మయ్య ఒక్కడే. ఇదే మగ్గం మీద మధ్యాహ్నం రెండింటి నుంచి పది దాకా పనిచేసే మనిషి. ఇద్దరూ కలిసేది షిఫ్టు మారే అయిదు నిమిషాలే.

మొదట్లో కూర్మయ్య ఫోనులో రాజ్యాల ఆట చూపించాడు. నువ్వో ఎత్తు, నేనో ఎత్తు. వారం తిరక్కుండానే విసుగొచ్చింది.

“ఏటి బావా ఇది? ఎప్పుడు సూసినా మంది ఎక్కువున్నోడే నెగ్గుతన్నాడు. రాజ్యాలన్నీ ఒకేలాగున్నాయి, జెండా రంగే తేడా” అన్నాడు కృపారావు.

“అయితే నువ్వే సెప్పు, ఎలాగుండాలో” అన్నాడు కూర్మయ్య.

ఆ మాటతో పుట్టింది ఈ గోనెగుడ్డ. రోజుకి చెరో వంతు. షిఫ్టు దిగేముందు ఒక ఎత్తు వేసి పెట్టె మూసేయాలి. కొత్త నియమం పెట్టాలంటే పెట్టెలోని నోటుబుక్కులో ఇద్దరూ సంతకం చెయ్యాలి. కొండజనం చోడి అంబలితో కరువు గట్టెక్కుతారు గాని పడవ ఎక్కలేరు. తుపాను నెలలో సముద్రపు జనం దండు కదలదు. ఆకలితో ఉన్న పదిమంది కడుపు నిండిన ముగ్గురికి ఓడిపోతారు. ఊడ్పుల వేళ సైనికులు ఇళ్లకి పోవాలి. ఇవన్నీ కృపారావు చెప్పినవే. ఇంట్లో భార్య జ్ఞానసుందరి “మా సింతపిక్కల రాజుగోరు వచ్చినారు” అని వెక్కిరిస్తుంది. వెక్కిరిస్తే వెక్కిరించనీ. లోకంలో అతని మాట చట్టమైంది ఆ నోటుబుక్కులోనే.

ఒక్క నియమం దగ్గరే పేచీ. సైనికుడు పడిపోతే అతని రాజ్యమంతా ఒక వంతు ఆగిపోవాలని కృపారావు ఏడాదిగా అడుగుతున్నాడు.

“అలాగైతే యుద్దమే సెయ్యలేం కదేటి” అనేవాడు కూర్మయ్య.

“నేను సెప్తన్నాది అదే!”

నిన్న తను ఒక గవ్వని పడగొట్టాక, షిఫ్టు మారేటప్పుడు మళ్లీ అడిగాడు. కూర్మయ్య నవ్వి ఊరుకున్నాడు. కృపారావుకి ఒళ్లు మండింది. “నీకు మనిషంటే లెక్క నేదు బావా” అనేసి వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

అందుకే కూర్మయ్య అలకపానుపు ఎక్కాడన్నమాట! సరే, వంతు తప్పినవాడు ఒక ఊరు పోగొట్టుకోవాలన్నది ఎప్పటి నుంచో ఉన్న నియమం. కృపారావు నోటుబుక్కు ముట్టుకోలేదు. గుడ్డ మీద సముద్రం ఒడ్డునున్న కూర్మయ్య ఊరు రేవూరులోని మూడు గవ్వలూ తీసి చొక్కా జేబులో వేసుకుని, మగ్గం ఎక్కాడు.

మధ్యాహ్నానికి కోపం చల్లారింది. కూర్మయ్య రాగానే గవ్వలు అతని చేతిలో పోసి, ‘ఈసారికి ఒగ్గేసినాను పో’ అనాలనుకున్నాడు.

రెండింటికి వచ్చింది గంగరాజు. ఎవరైనా రానినాడు వాళ్ల మగ్గం ఎక్కే బదిలీ వర్కరు.

“కూర్మయ్య ఏడిరా?”

గంగరాజు అతని కుడిచెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. “నీకు తెల్దా మావా? తెల్లారగట్ల గుండె పట్టేసి పోనాడంట. రేత్రి డూటీ సేసే ఎల్లినాడు.”

ఆ మోతలో కృపారావు ఆ మాట రెండోసారి చెప్పించుకున్నాడు.

పెట్టె తెరిచి నోటుబుక్కు తీశాడు. చివరి పేజీలో కూర్మయ్య వంకర అక్షరాలు.

“బావా, నీ నియమం ఒప్పుకున్నాను. ఇయ్యాల నా మనిషి ఒకడు పడిపోనాడు కాబట్టి నా రాజ్యం ఆపినాను. ఎత్తు ఎయ్యలేదు. కూర్మయ్య.”

పక్కన తన సంతకానికి చోటు వదిలి ఉంది. కదలకుండా ఉన్న ఆ గవ్వలే కూర్మయ్య వేసిన ఎత్తు. అది చదవకుండా తను అతని ఊరు దోచుకున్నాడు.

“ఒరే గంగరాజూ, ఒక్క నిమిషం మగ్గం ఎయ్యకురా.”

“ఏటి మావా, దారం తెగినాదా?”

“నేదు. ఊరికినే.”

గంగరాజు సూపర్‌వైజరు గది వైపు చూసి, తల దించుకుని మీట లాగాడు. తప్పు అతనిది కాదు. మగ్గం మొదలైంది.

కృపారావు సంతకం చేశాడు. జేబులోంచి గవ్వలు ఒక్కొక్కటే తీసి రేవూరులో పెట్టాడు. చింతపిక్కల జోలికి పోలేదు. పెట్టె మూత వెయ్యడం కూడా మరిచిపోయి గేటు వైపు నడిచాడు.

మగ్గం అదురుకి నీలిగీత పక్కన మూడు గవ్వలు సన్నగా వణుకుతున్నాయి, ఇంకా అతని జేబు వెచ్చదనంతోనే.