ఘాటు రోడ్డెక్కిన తలంబ్రాల మూట

నేను ఒక పాత సైకిల్ని. అయినా నా వెనక క్యారియర్ మీద ఒకసారి పెళ్ళి బియ్యం ఎక్కాయి, అదీ భద్రాద్రి రాముడి పెళ్ళికి. అందుకని మాటల్లో కాస్త గర్వం కనబడితే మన్నించండి.

ఎక్కడో ఉత్తరాదిన పుట్టి, ముక్కలు ముక్కలుగా గోనెపట్టాల్లో చుట్టుకుని, గూడ్సుబండిలో రాజమండ్రి చేరాను. అక్కడ ఒక కొట్లో మేస్త్రీ నన్ను బిగించి నిలబెట్టాడు. మొదట ఒక డ్రాయింగు మాస్టారు కొన్నారు. ఆయన నన్ను తొక్కింది తక్కువ, తుడిచింది ఎక్కువ. తర్వాత పుల్లైసు అమ్మే అతని చేతికి వెళ్ళాను. నా హారన్ వింటే పిల్లలు పరుగెత్తుకొచ్చేవాళ్ళు, వాళ్ళ తల్లులు నన్ను తిట్టేవాళ్ళు. దసరాకి మనుషులు నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, చక్రం కింద నిమ్మకాయ తొక్కించి దండం పెడతారు. మర్నాడు స్టాండుని కాలితో తంతారు. రెండూ మనసారానే చేస్తారు.

మూడో యజమాని సుబ్బారాయుడు. కోరుకొండ దగ్గర పల్లె ఆయనది. నాకు అటూ ఇటూ అరటి గెలలు వేలాడదీసి సంతలకి తోలేవాడు. నడిస్తే మోకాళ్ళు నొప్పి, తొక్కితే నొప్పి లేదు. ఇదేం మోకాళ్ళో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆయన భార్య మంగాయమ్మ. ఆ ఊళ్ళో ఏటా గోటి తలంబ్రాలు తయారు చేస్తారు. ఆ వడ్లను దంచరు, మరపట్టరు. రామనామం అనుకుంటూ ఒక్కొక్క గింజనీ గోళ్ళతో వలుస్తారు. గింజ విరగకూడదు. ఊక ఉన్న గింజ ఒక్కటి కనబడినా మూట పక్కన పెట్టెయ్యాలని ఊరి భజన మండలి కట్టుబాటు. మూట కట్టాక భద్రాచలం చేరేదాకా నేలకి ఆనించకూడదు. మంగాయమ్మ ఏటా ఆ మూట నెత్తిన పెట్టుకుని మండలితో నడిచి వెళ్ళేది. ఆ ఏడు ఆవిడకి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పట్టు తప్పింది. మండలివాళ్ళు కూడా, అందరికీ వయసు మీద పడిందని, బస్సు మాట్లాడుకున్నారు.

"నా గింజలు మోటారెక్కవు," అంది మంగాయమ్మ మంచం మీద నుంచే. "కాళ్ళ మీద పంపుతానని మొక్కుకున్నాను. ఈ చెయ్యి ఇలా అయిందని మొక్కు కూడా ఇలా అవ్వాలా?"

"తొక్కుడూ కాళ్ళ పనేగా! నేను తీసుకెళ్తాను," అన్నాడు సుబ్బారాయుడు.

మండలి పెద్ద నాగభూషణం గారు ఆలోచించి సరే అన్నారు. కానీ ఒక మాట అన్నారు: తలంబ్రాల పక్కన తోలు ఉండరాదు. దాంతో నా సీటు కింద వేలాడే తోలు సంచీని విప్పి చూరులో దోపారు. టైరు ఊడదీసే ఇనప బద్దలు అందులోనే ఉండిపోయాయి. గాలి పంపు, అతుకులు, జిగురు మాత్రం గుడ్డ సంచీలోకి మారాయి. ఇంతకీ నా సీటూ తోలుదే. దాని మీద కూర్చునే ఆయన భద్రాచలం దాకా వెళ్ళాడు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్నా చెప్పేవాణ్ణి కాదేమో.

మారేడుమిల్లిలో తెల్లారగానే బయలుదేరిన రోజు గురించే మీకు చెప్పాలి. ఆ సాయంత్రానికి కొండలు దాటి చింతూరు చేరాలి. మర్నాడు మండలివాళ్ళు భద్రాచలం సత్రంలో, వలిచినవాళ్ళ పేరూ గోత్రం పైకి చదివి, మూటలన్నీ ఒకే గంపలో కలిపేస్తారు. ఆలస్యమైతే మంగాయమ్మ గింజలు మిగిలిపోతాయి.

ఘాటు రోడ్డు మొదలయ్యాక ఆయన తొక్కలేకపోయాడు. దిగి తోశాడు. మళ్ళీ ఎక్కాడు. మళ్ళీ దిగాడు. ఒక్కపూట భోజనం దీక్ష కదా, కడుపులో మజ్జిగ తప్ప ఏమీ లేదు. నొప్పి ఉన్న మోకాళ్ళతోనే మలుపు తర్వాత మలుపు తోసుకుంటూ పోయాడు. ఊపిరి అందనప్పుడు నా హ్యాండిల్ మీద తల ఆనించేవాడు. ఒక లారీ పక్కన ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఏం పెద్దాయనా, రాముడు నీకు లారీ పంపాడు, ఎక్కు!" అన్నాడు.

"రాముడే అడవిలో నడిచాడు బాబూ. నాకు చక్రాలైనా ఉన్నాయి," అన్నాడు సుబ్బారాయుడు. డ్రైవరు నవ్వి ఒక నీళ్ళ సీసా ఇచ్చి పోయాడు. నేను ఎంతోమంది భక్తుల్ని చూశాను. పైకి దండం పెట్టేవాళ్ళే ఎక్కువ. కాళ్ళతో దండం పెట్టే మనిషిని అప్పుడే చూశాను.

మధ్యాహ్నం వేడికి ఉన్నట్టుండి మబ్బు పట్టి జల్లు కొట్టింది. ఆయన తన చొక్కా విప్పి మూట మీద కప్పాడు, పైన కండువా చుట్టాడు. తను ఒట్టి ఒంటితో తడిశాడు. జల్లు వెలిశాక, ఒక వాగు పక్కన, నా వెనక చక్రానికి ముల్లు దిగి గాలి మొత్తం పోయింది.

అప్పుడు చూడాలి ఆయన ముఖం. టైరు విప్పాలంటే నన్ను తలకిందులు చెయ్యాలి. మూట క్యారియర్ మీద ఉంది, నేల మీద పెట్టకూడదు. కొమ్మకి తగిలిద్దామంటే కోతులు అప్పటికే వరసగా కూర్చుని చూస్తున్నాయి. నెత్తిన పెట్టుకుని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో నన్ను తిరగెయ్యబోయాడు. నేను పడ్డాను. ఆయన కూడా పడబోయి తమాయించుకున్నాడు. "రామా, నన్నేం చెయ్యమంటావయ్యా," అన్నాడు.

"సర్కసా బాబూ?" అని ఎవరో నవ్వారు.

వాగు అవతల పాకలో బొంగు చికెన్ అమ్మే ఆవిడ. కొండరెడ్ల మనిషి, పేరు సోమాలమ్మ. వెదురు బొంగుల్లో కోడి మాంసం కూరి, నిప్పుల మీద కాల్చి, దారిన పోయేవాళ్ళకి అమ్ముకుంటుంది. దగ్గరికొచ్చి సంగతంతా విని, "ఇలా తే, నేను పట్టుకుంటాను," అంది.

సుబ్బారాయుడు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆమె చేతులకేసి చూశాడు. కోడి, కారం, మసి. ఆమెకి అర్థమైపోయింది.

"చేతులకి కోడి అంటుకుంది, నిజమే. నెత్తికి అంటుకోలేదుగా? నెత్తికెవరైనా కూర తినిపిస్తారా? నెత్తి మీద పెట్టు. చెయ్యి వెయ్యను."

ఆయన కాసేపు తటపటాయించాడు. మడి అనేది ఒంట్లో ఏ భాగం నుంచి ఏ భాగం దాకా ఉంటుందో నాకూ తెలీదు. చివరికి ఆమె తలపాగా చుట్టుకుని వంగింది. ఆయన మూట పెట్టాడు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని ఆమె నిలబడింది.

ఇక టైరు. ఇనప బద్దలేవీ? ఊళ్ళో చూరులో ఉన్నాయి. ఆయన నుదురు కొట్టుకుంటుంటే, సోమాలమ్మ తల కదపకుండా, "పాకలో పొయ్యి పక్కన వెదురు చీలికలున్నాయి, చూడు," అంది. అవి తెచ్చి ఆయన టైరు ఊడదీశాడు. రెండు విరిగాయి, మూడోది నిలిచింది. గోళ్ళు చీలి రక్తం వచ్చింది. అతుకు వేసి, గాలి కొట్టి, నన్ను నిలబెట్టేదాకా ఆమె అక్కడే ఉంది. మధ్యలో ఒక కారు ఆగి "బొంగు చికెన్ ఉందా?" అని అడిగితే, "ఇప్పుడు లేదు, నెత్తిన దేవుడున్నాడు," అని పంపేసింది.

మూట నా మీదకి తిరిగొచ్చాక, తడి తగిలిందేమోనని ఆయన ముడి విప్పాడు. బియ్యం పొడిగానే ఉన్నాయి. కానీ వేళ్ళతో కదిపేసరికి అడుగున ఊకతో ఉన్న గింజలు కనబడ్డాయి. ఒకటి కాదు, గుప్పెడు. ఒంటిచేత్తో వలవలేక మంగాయమ్మకి అలా మిగిలిపోయాయి. ఎవరినీ సాయం అడగలేదు కాబోలు. సుబ్బారాయుడు ఒక గింజ తీసుకుని వలవబోయాడు. చీలిన గోటి రక్తం దానికి అంటుకుంది. ఆ గింజ పారేసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పొద్దు వాలుతోంది.

"ఏటి బాబూ, మళ్ళీ ఏమైంది?"

చెప్పాడు. చెప్తుంటే కళ్ళు నిండాయి.

సోమాలమ్మ పాకలోంచి కుంకుడుకాయలు తెచ్చుకుని వాగులోకి దిగింది. ఇసకతో, కుంకుడు నురగతో మోచేతుల దాకా రుద్దుకుంది. వచ్చి చేతులు ముందుకి చాపింది. అడగలేదు, అలా చాపి ఊరుకుంది. ఈసారి ఆయన వెనక్కి అడుగు వెయ్యలేదు. ఊక గింజలన్నీ ఏరి ఆమె దోసిట్లో పోశాడు.

"గింజగింజకీ పేరు చెప్పాలమ్మా. రామ అని."

"మా ఇంటాయన పేరూ అదే. పేరెత్తకూడదంటుంది మా అత్త. పోనీలే, ఇది అడివి, ఇక్కడ అత్త లేదు," అని మొదలుపెట్టింది. వెదురు చీల్చే గోళ్ళు అవి. ఊక ఎగిరిపోయేది, గింజ నిలిచేది. ఒక్కటీ విరగలేదు. ఇద్దరూ రామనామం అంటుంటే, ఆవిడ వంతు వచ్చిన ప్రతిసారీ పెదవి చాటున నవ్వుకోవడం నేను చూశాను.

దిగుడంతా బ్రేకులు కీచుమంటూ దిగాం. దీపాలు పెట్టే వేళకి చింతూరు చేరాం. ఆయన మూటను దూలానికి వేలాడదీసి, దాని కింద కూలబడి, అన్నం తింటూ తింటూ నిద్రపోయాడు.

మర్నాడు భద్రాచలం సత్రంలో, చివరి మూట మాదే. నాగభూషణం గారు మూట విప్పి, గింజలు వేళ్ళతో కలిపి చూశారు. ఊక లేదు. తల ఊపారు. ఊళ్ళో ఉన్న మంగాయమ్మ తన పేరు చదవడం వినాలని సుబ్బారాయుడు ఫోను కలిపి స్పీకరు పెట్టాడు.

"ఎవరి చేతి గింజలు?" అని అడిగారు నాగభూషణం గారు.

"మా మంగాయమ్మవండి." ఒక క్షణం ఆగాడు. "ఘాటు మీద సోమాలమ్మవి కూడా."

"ఆవిడ గోత్రం?"

"తెలీదండి."

నాగభూషణం గారి చెయ్యి గంప మీద ఆగిపోయింది. "ఏమయ్యా సుబ్బారాయుడూ, గోత్రం లేకుండా ఎలా చదవమంటావు?"

సుబ్బారాయుడు ఫోనులోకే, మెల్లగా, జరిగిందంతా చెప్పాడు. మిగిలిపోయిన గింజలు, వాగు, ఆ చేతులు, అన్నీ. స్పీకర్లోంచి మంగాయమ్మ గొంతు వినబడింది.

"నావి మిగిలినవి ఆవిడ వలిచిందాండీ?"

"ఆఁ."

"అయితే గోత్రానికేముంది? మా తోడికోడలనుకోండి. మన గోత్రమే చదివించండి."

నాగభూషణం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత రెండు పేర్లూ ఒకే గోత్రం కింద పైకి చదివి, బియ్యం గంపలో పోశారు. వాకిట్లో చెప్పుల వరస పక్కన నిలబడి నేనూ విన్నాను.