రెండో పూట రిజిస్టరు

సాయంత్రం రెండో పూట పిల్లలు వెళ్ళగానే టీచరమ్మ బకెట్టులో ఫినాయిల్ కలుపుకుని బెంచీలు తుడవడం మొదలుపెట్టింది. పొద్దుటి పూట చదివేది ఊళ్ళో పిల్లలు. రెండో పూట, సరిహద్దు అవతలి యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళ పిల్లలు. వాళ్ళు కూర్చున్న బెంచీలు కడగందే మా పిల్లల్ని పంపేది లేదని ఊళ్ళో తల్లిదండ్రులు పట్టుబట్టారు. యుద్ధం పక్క దేశంలో, బకెట్టు మాత్రం ఈవిడ చేతిలో. "శుభ్రం సంగతి ఆడవాళ్ళకి చెప్పాలా అమ్మా!" అని హెడ్మాస్టరు నవ్వితే పక్కనున్న ఇద్దరు మాస్టార్లూ నవ్వారు. ఆమెకు కోపం కూడా రాలేదు. ఈమధ్య మనసంతా తిమ్మిరెక్కిన కాలులా ఉంటోంది.

సరిహద్దు రోడ్డు మూసేశాక ఆమె భర్త లారీ ఎనిమిది నెలలుగా ఇంటి ముందే నిలబడిపోయింది. మొదట్లో పాపం, దిగులుగా కూర్చునేవాడు. తర్వాత ఎవరో వచ్చి ఆ దిగులుకు కారణం చూపించారు: అంతా ఆ వచ్చినవాళ్ళ వల్లే. ఇప్పుడతను పేటకి నాయకుడు. ముందుగదిలో రోజూ పదిహేను మంది, పదిహేను గ్లాసుల టీ, బోలెడంత దేశభక్తి. ఆ గ్లాసులు కడిగేదీ ఈవిడే.

నిన్న వాళ్ళందరి ముందే అన్నాడు. "రేపా రెండో పూట రిజిస్టరు పట్టుకురా. పేర్లూ అడ్రసులూ మేం రాసుకుంటాం. నువ్వు చెయ్యాల్సిందేం లేదు."

పన్నెండేళ్ళ కాపురంలో ప్రతి పనీ ఆ మాటతోనే ఆమె నెత్తిన పడింది. మా అమ్మ వచ్చి ఉంటుందంతే, నువ్వు చెయ్యాల్సిందేం లేదు. మనవాళ్ళు నలుగురొస్తారంతే, నువ్వు చెయ్యాల్సిందేం లేదు. పోయిన నెల పక్క పేటలో ఇలాగే ఒక జాబితా రాసుకున్నారు. మర్నాటికి ఆ ఇళ్ళ తలుపులు విరిగాయి. అప్పట్నుంచీ మూడో బెంచీలో ఇద్దరు అక్కచెల్లెళ్ళ చోటు ఖాళీ. వాళ్ళ పేర్లకెదురుగా ఆమె రోజూ 'రాలేదు' అని రాస్తోంది.

రిజిస్టరు స్కూల్లోనే వదిలేద్దామంటే అలమరాకి తాళం లేదు, హెడ్మాస్టరు ఎవరడిగినా ఇచ్చేసే రకం. సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చింది. ముందుగదిలో అప్పటికే మాటలు వినిపిస్తున్నాయి. పెరటి తలుపు తీసుకుని నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. రిజిస్టరుని ప్లాస్టిక్ కవరులో చుట్టి, పెద్ద పిండి డబ్బాలో అడుగుకంటా దింపి, పైన పిండి చదును చేసింది. చేతులు కడుక్కుని టీకి నీళ్ళు పెట్టింది. భయం వేస్తుందేమోనని చూసుకుంది. వెయ్యలేదు.

"తెచ్చావా?" అంటూ వచ్చాడు భర్త.

"స్కూల్లో ఉండాలి."

"లేదట. ఫోన్ చేసి కనుక్కున్నా."

ఆమె సంచి తీసి బోర్లించాడు. సుద్దముక్కలు, కళ్ళజోడు, ఖాళీ టిఫిన్ డబ్బా రాలిపడ్డాయి. బీరువా వెతికాడు, పరుపు ఎత్తి చూశాడు. చెమటలు కక్కుతూ మళ్ళీ వంటింట్లోకొచ్చి పిండి డబ్బా మీద మోచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"ఏది ఎక్కడ పెట్టావో కూడా గుర్తుండదు! అసలు నీ బుర్రలో ఏముంటుందే?"

"ఏముంటుంది," అంది ఆమె టీ వడగడుతూ. "పదిహేనేనా, ఇంకా ఎవరైనా వస్తున్నారా?"

అతను విసుక్కుంటూ డబ్బా మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచి వెళ్ళిపోయాడు. ఈ పన్నెండేళ్ళలో ఆ డబ్బా మూత అతను ఒక్కసారి కూడా తియ్యలేదు.