పక్క సీటు

"ముందు గుంట ఉంది. కొంచెం కుడికి... చాలు. ఇక నేరుగా పోనియ్యి."

డ్రైవరు స్టీరింగు తిప్పాడు. లారీ గుంట అంచును ఒరుసుకుంటూ దాటింది. పక్క సీట్లో ఆయన భార్య డ్యాష్‌బోర్డు మీద రెండు చేతులూ ఆనించి, రెప్ప వెయ్యకుండా రోడ్డును చూస్తోంది.

ఒకప్పుడు ఎదురొచ్చే బండి మలుపు తిరగ్గానే దాని నంబరు చదివేవాడాయన. కిందటేడు ఓ సాయంత్రం బండి పక్కకు ఆపి, "ముందున్నది మనిషా, చెట్టా?" అని ఫోనులో ఆమెనే అడిగాడు, ఎక్కడో ఇంట్లో ఉన్న మనిషిని. పోయిన చూపు తిరిగిరాదన్నాడు డాక్టరు, ఉన్నదీ నిలవదన్నాడు. ఆ మర్నాటి నుంచి ఆమె లారీ ఎక్కింది. ఆయనకు వేరే పని రాదు. ఆమెకు వేరే దారి తోచలేదు.

ఊరి మొదట్లో టీకొట్టు దగ్గర ఆగారు.

"జంట పక్షులొచ్చాయి! ఒక్క ట్రిప్పయినా అన్నయ్యను వదిలి ఉండలేవా వదినా?" అన్నాడు కొట్టువాడు.

"వదిలితే ఎవరైనా ఎత్తుకుపోతారని భయం."

"ఈ బొజ్జతోనా? ఎత్తేవాళ్ల నడుం విరుగుద్ది!"

అందరూ నవ్వారు. డ్రైవరూ నవ్వాడు, బల్ల మీద గ్లాసు కోసం తడుముతూ. ఆమె దాన్ని ఆయన వేళ్లకు తగిలేట్టు జరిపింది. తన టీ మాత్రం ముట్టలేదు.

ఆ పొద్దున దారిలో ఆమెకు కునుకు పట్టింది. బయల్దేరిన దగ్గర్నుంచీ కంటి మీద కునుకు లేని మనిషి, ఎంతసేపని ఆపుకుంటుంది? కళ్లు తెరిచేసరికి ఎదురుగా నీళ్ల సీసాతో రోడ్డు దాటుతున్న పిల్ల. "ఆపు!" అని కేక పెట్టింది. బ్రేకులు కీచుమన్నాయి. పిల్ల బిక్కచచ్చి నిలబడి, సీసా వదిలేసి పరుగెత్తింది.

"ఏంటే, కుక్కా?" అన్నాడాయన.

"ఆ. కుక్కే" అంది.

లారీ షెడ్డుకు చేరింది. ఓనరు చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చాడు. "బాగా తెచ్చావయ్యా. రేపు పొద్దున్నే ఇంకో లోడుంది."

"అలాగే సార్."

"ఆయన రాడు" అంది భార్య. "ఆయనకు కళ్లు కనపడవు."

"మొగుడూ పెళ్లాలు దారంతా పోట్లాడుకున్నట్టున్నారే!" ఓనరు నవ్వాడు.

"బడలికలో ఏదో వాగుతోంది సార్."

ఆమె మొగుడి వైపు తిరిగింది. "పొద్దున అది కుక్క కాదయ్యా. పిల్ల. మన బంపరు దాని గౌనుకు తగిలింది."

డ్రైవరు జేబులోంచి తాళం తీసి ముందుకు చాచాడు. ఓనరు అప్పటికే టైర్లు చూడటానికి పక్కకు జరిగాడు. ఖాళీలోకి చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఓనరు దాన్ని చూశాడు. నవ్వు మానేసి, వచ్చి తాళం తీసుకున్నాడు.

కాసేపటికి వేరే డ్రైవరు వచ్చాడు. వాళ్ల సామాను కిందికి దించి, రేపటి లోడు ఎక్కించుకోవడానికి లారీ తీశాడు. గోడకు ఆనుకుని ఆయన చెవి రిక్కించాడు.

"సెకండు గేరులో ఎత్తుతున్నాడు వెధవ. క్లచ్చు కాల్చేస్తాడు."

చప్పుడు సందు మలుపులో కలిసిపోయింది.

"పోదాం పదయ్యా" అని ఆమె చెయ్యి పట్టుకుంది.

"వదులు. రోడ్డు మీద ఇంకా నన్ను నడపక్కర్లేదు."

గోడ తడుముకుంటూ, ఇల్లున్న వైపు కాక, ఇంకోవైపు నడిచాడు. ఆమె సంచులు భుజాన వేసుకుని, పిలవకుండా, ఏడుపు చప్పుడు కాకుండా వెనకే వెళ్లింది.

పొట్టి మనిషి కావటంతో, రోడ్డు కనపడటానికి ఆమె సీటు మీద వేసుకునే దిండు షెడ్డు ముందు దుమ్ములో మిగిలిపోయింది. దాని మధ్య ఆమె కూర్చున్న పల్లం ఇంకా సర్దుకోలేదు.